పజుండౌంగ్‌లో ఊపిరాడని బట్టీ

మీలో చాలామంది ఇళ్లలో ఇప్పుడు పొయ్యి కనిపించదు. గ్యాస్ సిలిండర్ ఉంది. కరెంటు ఉన్నప్పుడు కరెంటు కుక్కర్ ఉంది, పోయినప్పుడు బాల్కనీలో జనరేటర్ ఉంది. మంట అంటే తాతల కాలం నాటి సంగతి అన్నట్టు మాట్లాడతారు. కానీ జనరేటర్ పొట్టలో ఉన్నదీ మంటే, స్నానాల గదిలో నీళ్లు కాచే గ్యాస్ పెట్టెలో ఉన్నదీ మంటే. మంట ఉన్నచోట, అది వదిలిన గాలి ఎటు పోతోందని అడగడం నా ఉద్యోగం. ఈ ఊళ్లో పాతికేళ్లకు పైగా అదే అడిగాను. మోకాళ్లు మొరాయించి యాభై దాటగానే తాపీ పక్కన పెట్టేశాను గానీ అడిగే అలవాటు మాత్రం పోలేదు. ఎవరింటికి భోజనానికి పిలిచినా ముందు వంటగదిలోకి తొంగిచూసి కిటికీ ఎంతుందో కొలుస్తానని మా ఆవిడకు నాతో రావాలంటే సిగ్గు.

నేను శనగలు, బఠాణీలు వేయించే బట్టీలు కట్టేవాణ్ణి. మిఠాయి దుకాణాల పొయ్యిలు, టీ దుకాణాల పొయ్యిలు కూడా. బడి చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత లెక్కలు నాకు ఇటుకలే నేర్పాయి. నా లెక్కల్లో పెద్దది ఒకటే. పొయ్యి నోట్లోకి పోయిన గాలి అంతా పొగగొట్టం గుండా బయటికి పోవాలి. నోరు ఎంతుందో, గొట్టం గొంతు కనీసం అందులో సగమైనా ఉండాలి. ఈ మాట ఏ పుస్తకంలోనైనా ఉందో లేదో తెలియదు. మండే పొయ్యిలనూ, మండని పొయ్యిలనూ కొలిచి కొలిచి నేను పెట్టుకున్నది.

ఆ లెక్క ఒక ఇంట్లో ఎలా తిరగబడిందో చెబుతాను. అప్పుడు నాకింకా మీసం సరిగ్గా దట్టపడలేదు. ఈ ఊరిని అందరూ రంగూన్ అనేవారు, మన పెద్దవాళ్లు రంగం అనేవారు. దేశం తలుపులు వేసుకుని పాతికేళ్లు దాటింది. ఓడలు తక్కువ, ఉత్తరాలు తక్కువ. పైదేశపు వస్తువంటే ఎవరో ఒక ప్రయాణికుడి పెట్టె అడుగున వచ్చిందే. ఆ ఏడు వానాకాలంలో జనం రోడ్ల మీదికి వచ్చారు. ఆఫీసులు మూశారు, రైళ్లు ఆగాయి. ప్రతి వీధి మొదట్లోనూ వెదుళ్లతో అడ్డంకట్టి, వీధివాళ్లే వంతులవారీగా కాపలా కాసేవారు. పొద్దున ఊరేగింపు వెళ్లిన రోడ్డు మీద మధ్యాహ్నానికి తుపాకీ మోత వినిపించేది. సాయంత్రానికి అదే రోడ్డు మీద పిల్లలు పేముతో అల్లిన బంతితో ఆడేవారు. భయమూ సంబరమూ ఒకే వీధిలో కాపురం చేసిన కాలం అది.

పజుండౌంగ్ కాలువ దగ్గర మన తెలుగు సావుకారు ఒకాయనకు శనగల బట్టీ ఉండేది. వీధివైపు దుకాణం, దాని వెనక బట్టీ, పైన కాపురం. బట్టీ యుద్ధానికి ముందు కట్టింది. దాని పొగగొట్టం పైఅంతస్తులో నడిమి గది గోడలోంచి కప్పు మీదికి పోతుంది. మధ్యలో ఒక దూలం అడ్డం రావడంతో, కట్టినవాడెవడో గొట్టాన్ని అక్కడ పక్కకు తిప్పాడు. ఆ మలుపులో ఒక గూడులాగా ఏర్పడింది. రాలిన మసి అందులో పేరుకుంటుంది. దాన్ని తీయడానికి నడిమి గదిలో నేలకు జానెడు ఎత్తున ఒక ఇనప రేకు తలుపు. దాన్ని మసి తలుపు అనేవాళ్లం. ఏడాదికోసారి దాన్ని తెరిచి, మసి తీసి, మళ్లీ మూసి, అంచుల చుట్టూ బంకమట్టి మెత్తడం నా పని.

ఆ ఇంట్లో అప్పుడున్నది సావుకారు, ఆయన తల్లి, ఆయన కోడలు, కోడలి చంకలో నాలుగైదు నెలల మగపిల్లాడు. సావుకారు కొడుకు సరుకు కొనడానికి మౌల్మేన్ వెళ్లి, రైళ్లు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయాడు. సావుకారు తల్లిని మేమంతా మామ్మ అనేవాళ్లం. ఇంట్లో మాట ఆవిడది, దుకాణంలో మాట సావుకారుది. దుకాణంలో కూడా ఆవిడ వచ్చి నిలబడనంత సేపే.

బట్టీ దగ్గర నిప్పు చూసేది ఒక బర్మా పెద్దాయన. ఊలే అని పిలిచేవాళ్లం. బర్మా భాషలో ఆ మాటకు బాబాయి అని అర్థం. ఊక ఎంత వేస్తే మంట ఎంత లేస్తుందో చూడకుండా చెప్పగలడు. ఆయన తెలుగు కూడా బాగా మాట్లాడేవాడు. చిక్కేమిటంటే, ఆ తెలుగంతా మామ్మ నోటి నుంచి నేర్చుకున్నది. మామ్మ ఆయనతో మాట్లాడేదంతా తిట్టే. కాబట్టి ఎంత ఆప్యాయంగా పలకరించినా ఆయన నోట తిట్టే వచ్చేది. నేను ఎప్పుడు వెళ్లినా నవ్వు ముఖంతో ఎదురొచ్చి, "ఒచ్చినావా సచ్చినోడా, టీ తాగుతావేటి" అనేవాడు. అది ఆయన మర్యాద.

సమ్మె మొదలయ్యాక శనగలు రావడం ఆగి, బట్టీ చల్లబడింది. కొన్నాళ్లు సావుకారు ఖాళీ దుకాణంలో కూర్చుని ఈగలు తోలాడు. తర్వాత ఒక ఆలోచన వచ్చింది. కొట్లో పాత బఠాణీలు ఉన్నాయి. నానబెట్టి, మొలకెత్తించి, ఉడికించి, వీధి కాపలావాళ్లకూ ఊరేగింపులో పోయేవాళ్లకూ ఆకులో పెట్టి ఇస్తే ఏం? ఈ ఊళ్లో ఉడికించిన బఠాణీలు లేకుండా ఎవరికీ తెల్లవారదు కదా. మామ్మ సరేనంది. బట్టీ మీద పెద్ద గుండిగ ఎక్కించారు. బఠాణీ మెత్తబడాలంటే పెద్ద మంట పనికిరాదు. ఊక అణచి, సన్నగా, గంటల తరబడి రాజుకోవాలి. ఊలే అలాగే చేశాడు. మరునాటి నుంచే ఆ దుకాణం ముందు నవ్వులు, వరసలు.

ఇదే సమయంలో పైన ఇంకో ఏర్పాటు జరిగింది. పక్క సందులో ఎవరి కిటికీలోంచో తూటా దూసుకొచ్చిందని తెలిసి, సావుకారు వీధివైపు కిటికీలన్నిటికీ, బాల్కనీ తలుపుకూ పలకలు కొట్టించాడు. ఇల్లంతా నడిమి గదిలోకి మారింది. నాలుగువైపులా గోడలే, తూటా రావడానికి దారి లేదు. గాలి రావడానికీ దారి లేదు. ఆ రెండో సంగతి ఎవరికీ తోచలేదు. కోడలి మంచం సరిగ్గా మసి తలుపు ముందు వేశారు. అదే ఆ ఇంట్లో అన్నిటికంటే భద్రమైన మూల అని సావుకారు స్వయంగా చూసి ఎంచాడు.

రెండు రోజులు తిరగకముందే ఇంట్లో తలనొప్పులు మొదలయ్యాయి. కోడలికి వాంతులు. తలా ఒకటి చెప్పారు. మామ్మ దిష్టి అంది, వీధంతా వచ్చి తిని పోతోందిగా మరి. సావుకారు బాష్పవాయువు అన్నాడు. ఊలే బాధ వేరు. పొయ్యి అలిగిందట. నిప్పు ముందుకు ఉబుకుతోందట, గుండిగ సగమే కాగుతోందట. నన్ను పిలుచుకు రావడానికి వెదురు అడ్డంకులన్నీ దాటుకుంటూ నేనుండే సంచౌంగ్ దాకా నడిచి వచ్చాడు.

నేను సంచీ భుజాన వేసుకుని బయల్దేరాను. ప్రతి వీధి మొదట్లోనూ సంచీ విప్పి చూపించాల్సి వచ్చింది. తాపీ, దారం, ఇటుక కొలబద్ద సరే, గోడ నిలువు చూసే ఇనప గుండు దగ్గర మాత్రం అందరూ ఆగేవారు. దాన్ని దారానికి కట్టి వేలాడదీసి, ఇది పేలదు, వేలాడుతుందంతే అని చెప్పుకుంటూ వెళ్లాను. ఒక వీధిలో కాపలా పెద్దమనిషి నా చేత వాళ్ల వెదురు స్తంభం నిలువుగా ఉందో లేదో చూపించుకుని గాని వదల్లేదు. లేదు. సరిచేసి వెళ్లాను.

బట్టీ చూశాను. వానాకాలం. ఊక పట్టుకుంటే చేతికి తడి తగిలింది. తడి ఊక సగం కాలుతుంది, సగం ఉడికిపోతుంది అని ఊలేకి లెక్క కట్టి చూపించాను. ఆయన విని, ఊక ప్రతి వానాకాలమూ తడుస్తూనే ఉంది, పొయ్యి ఎప్పుడూ ఇలా అలగలేదు అన్నాడు. వయసు చిన్నదైతే లెక్క మీద నమ్మకం పెద్దది. ఊకను గుండిగ చుట్టూ పరిచి ఆరబెట్టమని చెప్పి, నాకు పెట్టిన బఠాణీలు తిని ఇంటికి వచ్చేశాను.

ఆరిన ఊకతోనూ పొయ్యి అలాగే ఉందని మళ్లీ కబురొచ్చింది. ఈసారి వెళ్లేసరికి కోడలు మంచం దిగడం లేదు. పిల్లాడు పాలు తాగకుండా మగతగా ఉంటున్నాడు. ఆస్పత్రికి తీసుకుపోదామంటే ఆ దారిలో కాల్పులు. సావుకారు ముఖం పాలిపోయింది. కొడుకు లేని వేళ ఆ తల్లీబిడ్డలకు ఏమైనా అయితే వాడికి ఏం సమాధానం చెప్పను అని, నన్ను పక్కకు పిలిచి, నేను పొయ్యి బాగుచేసే మనిషినని కూడా మరిచిపోయి, ఏదైనా మందు తెలుసా అని అడిగాడు.

మందు తెలియదు. గొట్టం తెలుసు. గొట్టంలో ఏదో అడ్డం ఉందని అప్పటికి అనుమానం వచ్చింది. కప్పెక్కి పైనుంచి చూద్దామంటే, ఆ రోజుల్లో కప్పు మీద కనిపించిన మనిషి గురించి కింద తుపాకీ పట్టుకున్నవాడు ఏమనుకుంటాడో చెప్పలేం. మసి తలుపు తెరుద్దామంటే దాని ముందు మంచం, మంచం మీద ఒంట్లో బాగాలేని పిల్ల. పసివాడి గదిలో మసి రేపుతావా అని సావుకారు ఒప్పుకోలేదు. అందుకని అడిగి తెలుసుకుందామనుకుని, మామ్మనూ సావుకారునూ కోడలి మంచం దగ్గర నిలబెట్టి, ముగ్గురినీ కలిపి అడిగాను. గొట్టంలో ఏమైనా పడిందా, ఎవరైనా ఏమైనా పెట్టారా అని.

"గొట్టంలో ఏటెడతారు బావూ, మసి గాని" అంది మామ్మ.

"బుర్రున్నోడెవడైనా ఎడతాడేటి" అన్నాడు సావుకారు.

కోడలు పిల్లాడి దుప్పటి సర్దింది.

కొలతల విషయంలో నాకు తొందర లేదు గాని, మనుషుల విషయంలో అప్పటికి నాకేమీ తెలియదు. ఒక ఇంట్లో ముగ్గురిని ఒకేచోట నిలబెట్టి ఒకే ప్రశ్న అడిగితే వచ్చేది ఒకే జవాబు.

కిందికి దిగి బట్టీ ముందు కూర్చున్నాను. గొట్టం చూడలేను కాబట్టి మనుషులను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. సావుకారు పగలంతా దుకాణం అరుగు మీద ఉంటాడు. ఆయనకు నొప్పి నిద్ర లేచినప్పుడే, పొద్దెక్కేసరికి పోతుంది. మామ్మ సగం రోజు పైన, సగం రోజు గుడిలో. గుడికి పోతే తేలిక, ఇంటికొచ్చి నడుం వాలిస్తే మళ్లీ బరువు. దేవుడి మహిమ అనుకుంటోంది. కోడలు, పిల్లాడు రోజంతా గదిలోనే. అందరికంటే వాళ్లకే ఎక్కువ. ఇక ఊలే. పొద్దస్తమానం నిప్పు దగ్గరే ఉంటాడు, ఊరేగింపులకు వెళ్లి బాష్పవాయువు కూడా పీల్చి వస్తాడు. ఆయనకు ఏమీ లేదు. బట్టీ వెనక తలుపు కాలువ వైపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

దిష్టి అయితే అందరికీ సమానంగా తగలాలి. బాష్పవాయువైతే ముందు ఊలేకి తగలాలి. ఆ గదిలో ఎంతసేపు ఉంటే అంత జబ్బు. ఇంతకంటే సులువైన లెక్క నేను అయిదో తరగతిలో కూడా చేయలేదు. పెద్ద మంటకు పొగ ఉంటుంది, కళ్లు మండుతాయి, మనిషి పరిగెత్తుతాడు. అణచిన నిప్పు నుంచి, పోవడానికి దారి లేనప్పుడు, ఇంకో గాలి పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషికి నిద్ర వస్తోందనిపిస్తుంది, అంతే.

నేను లేచేలోపే పైన ఇత్తడి చెంబు దొర్లిన చప్పుడైంది.

మెట్లెక్కి వెళ్లేసరికి కోడలు మంచం పక్కన గోడకు చేరగిలబడిపోయి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని చూపు నిలవడం లేదు. పిల్లాడు ఆమె ఒళ్లో ఉన్నాడు. పిలిస్తే కదలడం లేదు, ఏడవడం లేదు. నిప్పు బయటికి లాగెయ్యమని కిందికి కేక వేశాను. ఊలే ఎందుకని అడగలేదు. కాలువ వైపు నుంచి నీళ్లు చల్లిన బుస్సు వెంటనే వినిపించింది. వాళ్లను వీధివైపు బాల్కనీలోకి తీసుకుపోవాలి, ఆ తలుపుకు పలకలు కొట్టి ఉన్నాయి. సావుకారు వాటికి అడ్డం నిలబడ్డాడు. పొద్దున్నే పక్క రోడ్డులో కాల్చారు, తలుపు తీస్తే ఎలా అని ఆయన భయం. ఆయన తప్పు కాదు, రెండు ప్రమాదాల్లో ఒకటే ఆయన కంటికి కనిపిస్తోంది.

మామ్మ కొడుకును చేత్తో పక్కకు నెట్టింది. "తూటా ఒస్తే ఒస్తాది. ముందు బిడ్డకి గాలి తగలనీ."

తాపీతో పలకలు పెకలించాను. బాల్కనీలో సన్నని వాన జల్లు. మామ్మ పిల్లాణ్ణి చేతుల మీద పట్టుకుని కూర్చుంది. సావుకారు కోడలి తల తన మోకాలి మీద పెట్టుకున్నాడు. కింద వీధి కాపలావాళ్లు తలెత్తి చూసి, వాళ్లలో ఒకరు పరుగున వెళ్లి నాలుగిళ్ల అవతల ఉండే ఆస్పత్రి నర్సును తీసుకొచ్చారు. ఆవిడ ఇద్దరి నాడీ చూసి, వాళ్లను ఇక్కడి నుంచి లోపలికి మాత్రం తీసుకుపోవద్దని చెప్పి, తనూ అక్కడే కూర్చుంది. వాన చినుకులు పిల్లాడి ముఖం మీద పడుతున్నాయి. ముందు కాళ్లు కదిలాయి. తర్వాత నోరు వంకర తిరిగింది. తర్వాత వాడు ఏడ్చాడు. మొదట పిల్లికూన గొంతు. కాసేపటికి కింద కాపలావాళ్లు చప్పట్లు కొట్టేంత గొంతు. కోడలు కళ్లు నిలిపి పిల్లాడి కోసం చేతులు చాచింది.

వాళ్లిద్దరూ తేరుకున్నారని నర్సు చెప్పాకనే నేను నడిమి గదిలోకి వెళ్లాను. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. మంచం లాగేశాను. మసి తలుపు అంచుల మట్టి పూర్తిగా రాలిపోయి ఉంది. కింద గుప్పెడు కాగితాలు అంటించమని ఊలేకి చెప్పి, దేవుడి గదిలోంచి తెచ్చిన అగరొత్తి రేకు అంచు దగ్గర పట్టుకున్నాను. మామూలుగా అయితే గొట్టం ఆ పొగను లోపలికి లాక్కోవాలి. ఇక్కడ పొగ నా ముఖం మీదికి వచ్చింది.

సావుకారు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఈ మట్టి ఎవరు తీశారని అడిగాను. తెలియదన్నాడు. రేకు లాగి, గూట్లోకి చెయ్యి పెట్టి ఎడమవైపు తడిమాను. మెత్తగా ఏదో తగిలింది. లాగితే ఎర్ర గుడ్డ మూట.

"అది అమ్మోరిది" అంది మామ్మ బాల్కనీలోంచి. పిల్లాణ్ణి నర్సుకిచ్చి లేచి వచ్చింది. గుడి తాళం విరగ్గొడతారని పుకారు వచ్చినప్పుడు పూజారి అమ్మవారి వెండి కళ్లూ పట్టు కోకా ఆవిడకు అప్పజెప్పాడట. ఈ ఇంట్లో గొట్టం కంటే భద్రమైన చోటు ఆవిడకు తోచలేదు. బట్టీ అప్పుడు చల్లగా ఉంది, వెలుగుతుందని ఎవరనుకున్నారు? వెలిగించాక తీద్దామంటే దాని ముందు కోడలి మంచం, గది నిండా మనుషులు.

"నాకొక్కడికి సెప్పకూడదేటమ్మా" అన్నాడు సావుకారు, చాలా బాధగా.

"నీకు సెప్తే నీ కడుపులో ఆగుతాదేటి? ఈదిలో అందరికీ బఠాణీలతో పాటు పంచీవోడివి."

సావుకారు అలిగి గోడ వైపు తిరిగాడు. సమస్య తేలిపోయిందని మామ్మ మూటను కళ్లకద్దుకుంది. నేను మాత్రం ఆ మూటను కొలబద్దతో కొలిచాను. గొట్టం గొంతులో మూడో వంతు కూడా లేదు. మిగిలిన రెండు వంతుల్లోంచి ఆ చిన్న నిప్పు గాలి సుఖంగా పోవాలి. ఇంకా ఏదో ఉండాలి అన్నాను. మళ్లీ చెయ్యి పెట్టి, ఈసారి కుడివైపు తడిమాను. సావుకారు దగ్గాడు.

చేతికి దొరికింది ఆయన పాత లుంగీ. దానిలో చుట్టి ట్రాన్సిస్టర్ రేడియో. పైదేశాల వార్తలు వినడం ఎంత ప్రమాదమో మీకు ఇప్పుడు చెప్పినా అర్థం కాదు.

"ఏటిరా అది?" అంది మామ్మ.

"రేడియో."

"అమ్మీసినానన్నావు గాదేటి?"

"నువ్వు బయపడతావని..."

"నా బయం కోసం పొయ్యిలో ఎట్టీనావా?"

నేను వాళ్లను పట్టించుకోకుండా మళ్లీ లెక్క వేశాను. మూడో వంతు, మరో మూడో వంతు. ఇంకా ఒక వంతు ఖాళీ ఉండాలి. సన్న నిప్పుకు అది చాలదు గాని, పొగ ఇంతగా వెనక్కి తన్నదు. ఆ మాట పైకి అన్నానో లేదో, బాల్కనీలోంచి కోడలి నీరసమైన గొంతు వినిపించింది.

"అన్నా, పైకి సెయ్యెట్టు. మేకుకి ఏలాడతంది. అది నాదే."

పైకి చెయ్యి పెడితే మేకుకు పసివాడి కంబళిలో చుట్టిన రేకు డబ్బా. మామిడి తాండ్ర. విజయనగరంలో ఉండే ఆమె తల్లి, ఓడలో వచ్చే ఒక మనిషి చేతికిచ్చి పంపిందట. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి దొరికే పుట్టింటి తీపి. సైనికులూ కారు, దొంగలూ కారు, ఆమె భయం మామ్మే. మామ్మ కంటపడితే వీధి కాపలా అందరికీ ముక్కలు చేసి పంచేస్తుంది. ఆ మాట విని మామ్మ ఒక నిమిషం ఆలోచించి, అవును, పంచేసేదాన్నే అని ఒప్పుకుంది.

చెయ్యి పెట్టినప్పుడు ఇంకో మూట తగల్లేదా అని ముగ్గురినీ అడిగాను. మెత్తగా తగిలిందట ముగ్గురికీ. మసి అనుకున్నారట.

ఒక్కరిదైతే ఏమీ అయ్యేది కాదు. ఇద్దరివైనా తలనొప్పితో పోయేదేమో. ఎవరి మూట వాళ్లు కొలిస్తే ఎవరిదీ పెద్దది కాదు. నేను ఇప్పటికీ మీలాంటి వాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు చూస్తున్నది అదే. ఏసీ గాలి పోతుందని ఒకరు వెంటిలేటర్‌కు అట్ట అంటిస్తారు, దోమలని ఇంకొకరు కిటికీ బిగిస్తారు, చప్పుడని మూడోవారు జనరేటర్ ఉన్న బాల్కనీ తలుపు మూస్తారు. ముగ్గురికీ మంచి కారణమే ఉంటుంది. అందుకని ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గి, లోపలికి వస్తే పెరుగుతుంటే జబ్బు కోసం వెతకకండి. ముందు అందరూ బయటికి రండి, బయటి నుంచి మంట ఆర్పించండి, డాక్టరుకు చూపించుకోండి. ఆ తర్వాత గొట్టంలో చెయ్యి పెట్టండి. జనరేటర్‌ను ఇంటి గాలికి దూరంగా పెట్టండి. బొగ్గు కుంపటి పెట్టుకుని మూసిన గదిలో పడుకోకండి.

ఆ రోజు గొట్టం తుడిచి, మసి తలుపుకు కొత్త మట్టి మెత్తాను. నడిమి గదిలో ఎవరూ పడుకోకుండా, కాలువ వైపు గది కిటికీ తెరిపించి, అక్కడికి మంచం మార్పించాను. నేను మట్టి మెత్తుతుండగా మామ్మ వచ్చి పక్కన చతికిలబడి, నిప్పు తగలని మంచి చోటు ఏదైనా ఉంటే చెప్పమని మెల్లగా అడిగింది. దేవుడి గది అటక అన్నాను. ఆవిడ వెళ్లాక సావుకారు వచ్చాడు, అదే ప్రశ్న. దేవుడి గది అటక అన్నాను. చేతులు కడుక్కుంటుంటే కోడలు బాల్కనీలోంచి పిలిచి అడిగింది. ఆమెకూ అదే చెప్పాను.

కొన్నాళ్ల తర్వాత గుండిగ ఎలా కాగుతోందో చూద్దామని వెళ్లాను. ఊలే ఎప్పటిలాగే నన్ను సచ్చినోడా అని ఆదరించి టీ పోశాడు. నిప్పు గొట్టం వైపే తల వంచి మండుతోంది. వీధులు మూసే వేళైంది, ఇక ఇంటికి పోలేవని మామ్మ నన్ను ఆపేసింది. చీకటి పడుతుండగా దేవుడి గదిలోకి పిలిచారు. రేడియోను అమ్మవారి పట్టు కోక మీద పెట్టుకుని, చెవులు దగ్గరపెట్టుకుని కూర్చున్నారు ముగ్గురూ. మధ్యలో తాండ్ర డబ్బా మూత తీసి ఉంది. మామ్మ నాకొక ముక్క ఇచ్చింది. కొంచెం మసి వాసన వేసింది గాని, తీపి ఎక్కడికీ పోలేదు.

గొట్టం వేడికి రేడియో మీటల్లో ఒకటి కరిగి వంకరపోయింది. దాన్ని తిప్పాలంటే సావుకారు రెండు చేతులూ వాడాల్సి వచ్చేది. గరగర మధ్య ఎక్కడో మనిషి గొంతు దొరికింది. మౌల్మేన్ రైళ్ల గురించి ఏదో చెబుతున్నట్టే ఉంది. సరిగ్గా అప్పుడే కోడలి ఒళ్లోని పిల్లాడికి ఏం తోచిందో, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు అందుకున్నాడు. వార్త అంతా ఆ ఏడుపులో కొట్టుకుపోయింది.

ఆ గదిలో ఉన్న నలుగురిలో ఎవరమూ వాణ్ణి ఊరుకోబెట్టలేదు.